రెండు నెట్ లైన్లు, ఒక ఫైర్‌వాల్: ఎవరి ట్రాఫిక్ ఎటు పోవాలో మనమే చెప్పడం ఎలా

కడపలో ఒక స్కానింగ్ సెంటర్ ఓనరు నన్ను పిలిచి అడిగిన మాట ఇది: "రెండు లైన్లకి నెలనెలా డబ్బులు కడతాండాం అన్నా. ఒకటి పోతే రెండోది ఎత్తుకోదు, రెండూ ఉన్నప్పుడేమో సీటీ ఫొటోలు హైదరాబాదుకి పోవు. ఇంకెందుకు రెండు?"

పోయి చూస్తే ఆయన చెప్పింది నిజమే. ఒకటి 300 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్, చవక, స్పీడు బాగుంటుంది, కానీ ఐపీ (నెట్‌లో మన అడ్రస్) ఎప్పుడు మారుతుందో తెలియదు. రెండోది 20 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్, మనకొక్కరికే కేటాయించినది, ఖరీదు ఎక్కువ, స్టాటిక్ ఐపీ, అంటే మారని ఐపీ, ఉంది. హైదరాబాదులో రిపోర్టులు రాసే డాక్టరు గారి సర్వరు ఆ స్టాటిక్ ఐపీ నుంచి వస్తేనే ఫైళ్లు తీసుకుంటుంది, వేరే ఐపీ నుంచి వస్తే తలుపు తీయదు. లోపలి కంప్యూటర్లకీ బయటి నెట్‌కీ మధ్య కాపలా ఉండే ఫైర్‌వాల్ మాత్రం అన్నిటినీ బ్రాడ్‌బ్యాండ్ మీదికే తోసేస్తోంది, ఎందుకంటే దానికి తెలిసిన డిఫాల్ట్ గేట్‌వే, అంటే వేరే మాట చెప్పనప్పుడు బయటికి పోయే దారి, అదొక్కటే.

ఇలాంటి చోట కావాల్సిందే పాలసీ బేస్డ్ రూటింగ్. మామూలు రూటింగ్ ప్యాకెట్‌ని (నెట్‌లో పోయే డేటా ముక్కని) ఒకే ప్రశ్న అడుగుతుంది, ఎక్కడికి పోతున్నావు అని. పాలసీ రూటింగ్ ఇంకా అడుగుతుంది: ఎవరు పంపారు, ఏ గది నుంచి వచ్చావు, ఏ పోర్టుకి (అవతల ఏ సర్వీసు కావాలో చెప్పే నంబరుకి) పోతున్నావు అని. కడప నుంచి బెంగళూరుకి రాయచోటి, మదనపల్లె మీదుగా పోవచ్చు, పులివెందుల, కదిరి మీదుగానూ పోవచ్చు. చేరే ఊరు ఒకటే అయినా కారేసుకుని పోయేవాడూ నాపరాళ్ల లోడు లారీ డ్రైవరూ ఒకే దారి పట్టాలని లేదు కదా, దారి తేల్చేది ఊరు కాదు, సరుకు.

నేను ఇక్కడ పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ మీద చెప్తున్నాను, ఆ సెంటర్లో ఉన్నది అదే, పైగా కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం. ఫోర్టిగేట్ ఫైర్‌వాల్‌లో ఈ పని పాలసీ రూట్స్ అనే విడి పేజీలో ఉంటుంది, సోఫోస్‌లో ఎస్‌డీ-వ్యాన్ రూట్స్ అంటారు. పీఎఫ్‌సెన్స్‌లో విడి పేజీ లేదు, ఫైర్‌వాల్ రూల్ లోపలే గేట్‌వే ఎంచుకుంటాం. ఈ తేడా ముందే బుర్రలో పెట్టుకోండి, తర్వాత వచ్చే తిప్పలు సగం దీనివల్లే.

ముందు ఒక కాగితం

కంప్యూటర్ ముట్టుకోకముందు కాగితం మీద మూడు గళ్లు గీయండి: ఎవరు, ఏ లైన్, ఆ లైన్ పోతే ఏం కావాలి. మూడో గడి అందరూ వదిలేస్తారు. నన్నడిగితే అసలు పనంతా ఆ మూడో గడిలోనే ఉంది.

మా కాగితం ఇలా తేలింది. బిల్లింగ్ కౌంటర్ బ్రాడ్‌బ్యాండ్ మీద పోవాలి, అది పోతే లీజ్డ్ లైన్ మీదికి మారాలి, ఎందుకంటే కౌంటర్ ఆగితే బయట క్యూ పెరుగుతుంది. సీటీ, ఎంఆర్ఐ కంప్యూటర్లు లీజ్డ్ లైన్ మీదే పోవాలి, అది పోతే ఆగిపోవాలి, పొరపాటున కూడా బ్రాడ్‌బ్యాండ్ మీద పోకూడదు. పోయినా అవతల సర్వరు తీసుకోదు, ఊరికే రిట్రైలతో టెక్నీషియన్ టెన్షన్ పడతాడు తప్ప. వెయిటింగ్ హాల్లో వైఫై బ్రాడ్‌బ్యాండ్ మీద మాత్రమే, అది పోతే వైఫై కూడా పోనీ. లేకపోతే పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు చూసే రీల్స్ అన్నీ ఆ 20 ఎంబీపీఎస్ మీద పడి సీటీ ఫైళ్లను తొక్కేస్తాయి.

చూశారా, ముగ్గురికి మూడు రకాల జవాబులు. "ఫెయిలోవర్ (ఒక లైన్ పోతే ఇంకోటి ఎత్తుకునే ఏర్పాటు) పెట్టేయండి" అని ఒక్కమాటతో అయ్యే పని కాదిది.

ఇదంతా కుదరాలంటే మూడు గుంపులూ మూడు వేరే నెట్‌వర్కుల్లో ఉండాలి. మేనేజ్డ్ స్విచ్ తీసుకుని మూడు వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్కులు) చేశాను: బిల్లింగ్‌కి 10.10.10.0/24, స్కానింగ్‌కి 10.10.20.0/24, వైఫైకి 10.10.30.0/24. ఒకే నెట్‌వర్క్‌లో ఒక్కో ఐపీకి ఒక్కో రూల్ రాసుకుంటూ పోవచ్చు కానీ, రేపు కొత్త కంప్యూటర్ వచ్చినప్పుడు ఆ లిస్టు గుర్తుపెట్టుకునేవాడు ఎవడూ ఉండడు.

మొదలుపెట్టేముందు డయాగ్నస్టిక్స్ మెనూలో బ్యాకప్ అండ్ రిస్టోర్‌కి పోయి కాన్ఫిగ్ ఫైల్ దించి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. నిమిషం కూడా పట్టదు.

రెండు లైన్లను ఎక్కించడం

మన దగ్గర లైన్ ఇచ్చేవాళ్లు పెట్టిపోయే డబ్బాల్లో చాలావాటి అడ్రస్ 192.168.1.1. రెండు కంపెనీల డబ్బాలూ అదే అడ్రస్‌తో వస్తే, ఫైర్‌వాల్‌కి రెండు వ్యాన్ పోర్టులూ (బయటి లైన్లు తగిలించేవి) ఒకే నెట్‌వర్క్‌లా కనిపిస్తాయి. పైగా పీఎఫ్‌సెన్స్ కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే దాని ల్యాన్ (లోపలి నెట్‌వర్క్) అడ్రస్ కూడా 192.168.1.1 యే! ఒకే డోర్ నంబరు మూడు ఇళ్లకి పెడితే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? అందుకే ఒక డబ్బాని 192.168.2.1కి మార్చండి, ల్యాన్‌ని పూర్తిగా 10తో మొదలయ్యే వరుసకి తీసుకుపోండి. డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (లైన్‌ని ఉన్నదున్నట్టు ఫైర్‌వాల్‌కి దాటించేలా) పెట్టి పీపీపీఓఈ లాగిన్ (లైన్ కంపెనీ ఇచ్చే యూజర్ పేరు, పాస్‌వర్డ్) ఫైర్‌వాల్‌లోనే ఇవ్వగలిగితే ఇంకా మంచిది, నాట్ (లోపలి అడ్రస్‌లని బయటి ఐపీగా మార్చే పని) మీద నాట్ పడే బాధ తప్పుతుంది.

ఇంటర్‌ఫేస్‌లు పెట్టాక సిస్టమ్ మెనూలో రూటింగ్, అందులో గేట్‌వేస్ చూడండి. రెండు గేట్‌వేలు కనిపించాలి. ఒక్కోదాన్నీ తెరిచి మానిటర్ ఐపీ, అంటే లైన్ బతికుందా అని ఫైర్‌వాల్ పింగ్ చేసి (పలకరించి) చూసుకునే అడ్రస్, మార్చాలి, ఇది తప్పనిసరి. మార్చకపోతే ఫైర్‌వాల్ పక్కనే ఉన్న డబ్బాని పింగ్ చేసుకుంటూ "లైన్ బ్రహ్మాండంగా ఉంది" అంటుంది, అవతల రోడ్డు మీద ఫైబర్ తెగి రెండు గంటలైనా సరే. బ్రాడ్‌బ్యాండ్‌కి 8.8.8.8, లీజ్డ్ లైన్‌కి 1.1.1.1 పెట్టాను. రెండిటికీ ఒకే ఐపీ ఇవ్వడం కుదరదు, ఎందుకంటే మానిటర్ ఐపీ ఇచ్చిన వెంటనే దానికి ఆ లైన్ మీదుగా ఒక స్టాటిక్ రూట్ (ఖాయమైన దారి) కూడా పడుతుంది. ఇదే కారణానికి, సిస్టమ్ జనరల్ సెటప్‌లో డీఎన్ఎస్ సర్వర్లకి (సైట్ పేరుకి ఐపీ చెప్పేవాటికి) గేట్‌వే ఇచ్చేటప్పుడు జాగ్రత్త: 8.8.8.8ని ఇక్కడ ఒక లైన్‌కి, అక్కడ ఇంకో లైన్‌కి కట్టేస్తే రెండూ కొట్టుకుంటాయి.

డిఫాల్ట్ సెట్టింగ్‌లో అర సెకనుకొక పింగ్ పోతుంది, పోయిన 60 సెకన్ల లెక్క చూసుకుని 20 శాతం కంటే ఎక్కువకి జవాబు రాకపోతే లైన్ చచ్చిందని తేలుస్తుంది. అంటే వైరు తెగిన తర్వాత సుమారు 12 సెకన్లు పైన పడుతుంది. ఈ ఆలస్యం తగ్గిద్దామని అంకెలు బాగా బిగించేవాళ్లని చూశాను, అలా చేస్తే చిన్న జలుబుకే లైన్‌ని ఐసీయూలో వేసినట్టు అవుతుంది. వదిలేయండి.

గేట్‌వే గ్రూప్

బిల్లింగ్‌కి ఒక లైన్ పోతే ఇంకోటి కావాలి కాబట్టి గ్రూప్ చేయాలి. రూటింగ్ పేజీలోనే గేట్‌వే గ్రూప్స్. బ్రాడ్‌బ్యాండ్ టైర్ 1, లీజ్డ్ లైన్ టైర్ 2. చిన్న అంకె ఉన్నది ముందు, అది పడిపోతేనే రెండోది. ట్రిగ్గర్ లెవెల్ దగ్గర నేను ప్యాకెట్ లాస్ ఎంచుకుంటాను. హై లేటెన్సీ (జవాబు ఆలస్యం) పెడితే, ఎవరో పెద్ద ఫైల్ ఎక్కించినప్పుడల్లా పింగ్ పెరిగి లైన్ అటూ ఇటూ ఊగుతుంది.

రెండిటికీ టైర్ 1 ఇస్తే లోడ్ బ్యాలెన్సింగ్ అవుతుంది, వినడానికి బాగుంటుంది, ఆఫీసుల్లో నాకు నచ్చదు. కనెక్షన్లు చెరిసగం రెండు ఐపీల నుంచి పోతాయి, బ్యాంకు సైట్లు కొన్ని మధ్యలో ఐపీ మారేసరికి అనుమానపడి లాగౌట్ చేసేస్తాయి. అకౌంటెంట్ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాడు. స్టికీ కనెక్షన్స్ అనే టిక్ ఉంది, కొంత ఆదుకుంటుంది, కానీ 300, 20 పక్కపక్కన పెట్టి బ్యాలెన్స్ చేయడమే ఏనుగునీ మేకనీ ఒకే కాడికి కట్టినట్టు.

ఇంకోటి: అదే పేజీలో డిఫాల్ట్ గేట్‌వే దగ్గర కూడా ఈ గ్రూప్‌నే ఎంచుకోండి. ఎందుకంటే ఫైర్‌వాల్ తన సొంతంగా పంపే ట్రాఫిక్ మీ ల్యాన్ రూల్స్‌కి లోబడదు. సైట్ పేర్లకి ఐపీలు వెతికే డీఎన్ఎస్ రిజాల్వర్ ఫైర్‌వాల్‌లోనే నడుస్తుంది కదా, బ్రాడ్‌బ్యాండ్ పోయినప్పుడు డిఫాల్ట్ గేట్‌వే కూడా మారకపోతే, బిల్లింగ్ లీజ్డ్ లైన్ మీదికి మారినా సైట్ల పేర్లు తేలవు. "నెట్ ఉంది కానీ ఏమీ ఓపెన్ కాదు" అనే ఫిర్యాదుకి చాలాసార్లు ఇదే మూలం.

రూల్స్ రాసే పద్ధతి, నేను చేసిన తప్పు

ముందు ఒక ఎలియాస్ (చాలా అడ్రస్‌లకి కలిపి ఒకే పేరు) చేసుకోండి, ఫైర్‌వాల్ మెనూలో ఎలియాసెస్. అందులో 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 మూడూ, అంటే లోపలి నెట్‌వర్కులకే వాడే ప్రైవేట్ అడ్రస్‌లన్నీ, పెట్టి లోకల్_నెట్స్ అని పేరు ఇవ్వండి. పేరులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ తీసుకోదు, ఖాళీ జాగా కూడా.

ఇప్పుడు నా సంగతి. స్కానింగ్ వీల్యాన్‌లో ఒకే ఒక్క రూల్ రాశాను: సోర్స్ (పంపేది) స్కానింగ్ నెట్, డెస్టినేషన్ (చేరేది) ఎనీ, కింద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో గేట్‌వే లీజ్డ్ లైన్. సేవ్, అప్లై. సీటీ ఫైళ్లు హైదరాబాదుకి సర్రున పోయాయి, నేను కూడా సర్రున ఇంటికి పోయాను. అన్నం తింటుండగా టెక్నీషియన్ ఫోన్: "అన్నా, మిషన్లో పేషెంట్ల పేర్లు ఒక్కటి కూడా రావడంలా!"

పేర్లు వచ్చేది బిల్లింగ్ వీల్యాన్‌లో ఉన్న సర్వర్ నుంచి, అంటే ఈ గది నుంచి ఆ గదికి పోయే ట్రాఫిక్. కానీ నేను రాసిన రూల్ ఏమంది? ఎక్కడికి పోయేదైనా సరే, లీజ్డ్ లైన్ మీదికి నెట్టు. డెస్టినేషన్ ఎనీ అంటే పక్క గది కూడా అందులోకే వస్తుంది. గేట్‌వే పెట్టిన రూల్ తగిలిన ప్యాకెట్ రూటింగ్ టేబుల్ ముఖం కూడా చూడదు. పక్క గదికి పోవాల్సిన ప్యాకెట్లని నేనే ఊరి బయటికి సాగనంపాను, అక్కడ ఆ ప్రైవేట్ అడ్రస్ ఎవరికి తెలుసు?

కాబట్టి గేట్‌వే పెట్టిన ప్రతి రూల్‌కీ పైన, లోకల్_నెట్స్‌కి పోయే ట్రాఫిక్‌ని గేట్‌వే డిఫాల్ట్‌గా వదిలి పాస్ చేసే రూల్ ఒకటి ఉండాలి. ఇంకో బ్రాంచికి వీపీఎన్ (నెట్ మీదుగా రెండు ఆఫీసుల్ని కలిపే రహస్య దారి) ఉన్నా, ఫైర్‌వాల్‌నే డీఎన్ఎస్ అడగాలన్నా ఇదే రూల్ కాపాడుతుంది. పీఎఫ్‌సెన్స్ ప్రతి ఇంటర్‌ఫేస్ ట్యాబ్‌లో రూల్స్‌ని పైనుంచి కిందికి చదువుతుంది, మొదట తగిలిందే ఖాయం, కింద ఎంత మంచి రూల్ ఉన్నా దానిదాకా రాదు.

మూడు ట్యాబ్‌లూ చివరికి ఇలా కుదిరాయి.

బిల్లింగ్ ట్యాబ్:
1. పాస్, డెస్టినేషన్ లోకల్_నెట్స్, గేట్‌వే డిఫాల్ట్.
2. పాస్, డెస్టినేషన్ ఎనీ, గేట్‌వే దగ్గర ఫెయిలోవర్ గ్రూప్.

స్కానింగ్ ట్యాబ్:
1. పాస్, డెస్టినేషన్ లోకల్_నెట్స్, గేట్‌వే డిఫాల్ట్. ఇంకా గట్టిగా కావాలంటే లోకల్_నెట్స్ బదులు బిల్లింగ్ సర్వర్ ఐపీ, డీఎన్ఎస్ కోసం ఫైర్‌వాల్ ఐపీ మాత్రమే ఇవ్వండి.
2. పాస్, డెస్టినేషన్ ఎనీ, గేట్‌వే లీజ్డ్ లైన్.
3. బ్లాక్, డెస్టినేషన్ ఎనీ, లాగ్ ఆన్.

వైఫై ట్యాబ్:
1. పాస్, టీసీపీ యూడీపీ (డేటా పంపే రెండు పద్ధతులు) రెండూ, డెస్టినేషన్ వైఫై ఇంటర్‌ఫేస్ అడ్రస్, పోర్టు 53 (డీఎన్ఎస్‌ది).
2. బ్లాక్, డెస్టినేషన్ లోకల్_నెట్స్.
3. పాస్, డెస్టినేషన్ ఎనీ, గేట్‌వే బ్రాడ్‌బ్యాండ్.

వైఫైలో 1, 2 తారుమారైతే డీఎన్ఎస్ చస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, పాస్ రూల్ రాసేటప్పుడు ప్రోటోకాల్ దగ్గర టీసీపీ ముందే ఎంచి ఉంటుంది, దాన్ని ఎనీగా మార్చకపోతే పింగ్, వీడియో కాల్స్ ఎందుకు పోవడం లేదా అని గంటసేపు తల గోక్కోవాల్సి వస్తుంది.

అలాగే ఇన్‌స్టాల్‌తో వచ్చే ల్యాన్ ట్యాబ్‌లో ఐపీవీ6కి (కొత్త రకం ఐపీ అడ్రస్‌లకి, మనం పైన వాడినవి పాత రకం ఐపీవీ4) విడిగా ఒక అనుమతి రూల్ ఉంటుంది. మీ బ్రాడ్‌బ్యాండ్ ఐపీవీ6 ఇస్తుంటే, ఐపీవీ4కి మీరు కట్టిన కట్టలన్నీ దాటుకుని ఆ పక్కనుంచి ట్రాఫిక్ పారిపోతుంది. దానికీ రూల్స్ రాయండి, లేదా ఆ వీల్యాన్‌లో ఐపీవీ6 ఇవ్వడం మానేయండి.

లైన్ పోయినప్పుడు రూల్ ఏమవుతుంది

కాగితంలో మూడో గడి గుర్తుందా? స్కానింగ్ ట్రాఫిక్ లీజ్డ్ లైన్ పోతే ఆగిపోవాలి అని రాసుకున్నాం. పైన రాసిన రూల్స్‌తో అది ఆగుతుందనుకుంటే పొరపాటు. పీఎఫ్‌సెన్స్ డిఫాల్ట్ అలవాటు ఏంటంటే, రూల్‌లో చెప్పిన గేట్‌వే చచ్చిపోతే ఆ రూల్‌ని తీసేయదు, గేట్‌వే మాట మాత్రం తీసేసి మిగతాది ఉంచుతుంది. అప్పుడది మామూలు పాస్ రూల్ అయిపోయి, ట్రాఫిక్ డిఫాల్ట్ గేట్‌వే మీదుగా, అంటే బ్రాడ్‌బ్యాండ్ మీదుగా చల్లగా బయటికి పోతుంది. కింద నేను పెట్టిన బ్లాక్ రూల్ దాకా రానే రాదు. వైఫై సంగతీ అంతే, బ్రాడ్‌బ్యాండ్ పోతే రీల్స్ అన్నీ లీజ్డ్ లైన్ ఎక్కేస్తాయి.

దీనికి మందు సిస్టమ్, అడ్వాన్స్‌డ్, మిసలేనియస్ పేజీలో ఉంది. గేట్‌వే డౌన్ అయినప్పుడు రూల్స్‌ని స్కిప్ చేయి అనే టిక్. అది పెడితే లైన్ పోయినప్పుడు రూల్ మొత్తం మాయమవుతుంది, ట్రాఫిక్ కింది రూల్‌కి జారుతుంది. స్కానింగ్‌లో కింద బ్లాక్ ఉంది, వైఫైలో కింద ఏమీ లేదు కాబట్టి ఫైర్‌వాల్ తనంతట తానే ఆపేస్తుంది. నిజానికి స్కానింగ్‌లో కూడా ఆ బ్లాక్ లేకపోయినా ఆగుతుంది, కానీ మూడు నెలల తర్వాత ఎవరో వచ్చి కింద ఒక "అలౌ ఆల్" చేర్చరని గ్యారంటీ లేదు, అందుకే కళ్లకి కనిపించేలా రాస్తాను.

అదే పేజీలో గేట్‌వే పోయినప్పుడు స్టేట్స్‌ని ఏం చేయాలో అడిగే సెట్టింగ్ ఉంది. స్టేట్ అంటే నడుస్తున్న కనెక్షన్ గురించి ఫైర్‌వాల్ రాసుకున్న చిట్టా. రూల్ మారినా, లైన్ మారినా, పాత కనెక్షన్ పాత చిట్టా ప్రకారమే నడుస్తుంది. ఆ సెట్టింగ్‌లో చచ్చిన గేట్‌వే వాడుతున్న స్టేట్స్‌ని మాత్రం చంపమని చెప్పండి, అన్నిటినీ చంపమంటే బాగున్న లైన్ మీద సగం పోయిన సీటీ ఫైల్ కూడా తెగిపోతుంది. మీరు రూల్ మార్చి పరీక్షించేటప్పుడు కూడా డయాగ్నస్టిక్స్, స్టేట్స్‌లో ఆ కంప్యూటర్ ఐపీ వెతికి దాని స్టేట్స్ తీసేయాలి. లేకపోతే రూల్ సరిగ్గానే ఉన్నా పని చేయనట్టు కనిపిస్తుంది, మీరు బాగున్నదాన్ని మళ్లీ చెడగొడతారు.

ఔట్‌బౌండ్ నాట్ (బయటికి పోయే ట్రాఫిక్‌కి చేసే నాట్) ఆటోమేటిక్‌లో ఉంటే ఏమీ చేయనక్కర్లేదు. ఎప్పుడో మాన్యువల్‌కి మార్చి ఉంటే, కొత్త లైన్‌కి మూడు వీల్యాన్‌ల నాట్ రూల్స్ చేర్చండి.

నిజంగా పనిచేస్తుందా

మొదట మామూలు పరీక్ష: మూడు వీల్యాన్‌లలో ఒక్కో కంప్యూటర్ నుంచి, మన పబ్లిక్ ఐపీ చూపించే సైట్ ఏదైనా తెరవండి. స్కానింగ్ నుంచి లీజ్డ్ లైన్ ఐపీ, మిగతా రెండిటి నుంచి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ కనిపించాలి. పక్క గది సర్వర్ కూడా తగులుతోందేమో చూడండి, నా అన్నం గుర్తుంది కదా.

తర్వాత అసలు పరీక్ష. మధ్యాహ్నం రెండింటికి, పేషెంట్లు పలచగా ఉన్నప్పుడు, కౌంటర్లో వాళ్లకి చెప్పి మరీ లైన్ పీకండి. అయితే ఫైర్‌వాల్‌కి వచ్చే వైరు కాదు పీకాల్సింది. అది పీకితే పోర్టు డౌన్ అయి ఫైర్‌వాల్‌కి వెంటనే తెలిసిపోతుంది, పరీక్ష ఈజీగా పాసవుతుంది. నిజంగా లైన్ పోయేటప్పుడు అలా జరగదు, డబ్బాలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, అవతల ఏమీ ఉండదు. కాబట్టి డబ్బాకి వచ్చే సన్నటి ఫైబర్ వైరుని, మడతపెట్టకుండా, మెల్లగా తీయండి. దాని కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు.

స్టేటస్ మెనూలో గేట్‌వేస్ పేజీ తెరిచిపెట్టుకోండి. లాస్ శాతం మెల్లగా పెరుగుతుంది, 20 దాటాక డౌన్ అని పడుతుంది. అప్పుడు బిల్లింగ్ కొన్ని సెకన్లు తడబడి లీజ్డ్ లైన్ మీద లేవాలి, వైఫై చావాలి, స్కానింగ్‌కి ఏమీ తెలియకూడదు. వైరు తిరిగి పెట్టి అంతా లేచాక, లీజ్డ్ లైన్ తీసి చూడండి: ఈసారి స్కానింగ్ ఒక్కటే ఆగాలి, ఫైర్‌వాల్ లాగ్‌లో ఆ బ్లాక్ రూల్ పేరుతో ఎంట్రీలు పడాలి.

మా సెంటర్లో ఈ పరీక్ష మొదటిసారి ఫెయిలైంది. బ్రాడ్‌బ్యాండ్ తీశాక కూడా వైఫై నడుస్తూనే ఉంది. అరగంట వెతికితే తేలిందేమంటే, స్కిప్ టిక్ పెట్టాను కానీ పేజీ కింద సేవ్ నొక్కలేదు.

ఫైర్‌వాల్‌లో చేయలేని పని ఒకటుంది. రెండు లైన్లూ ఒకే స్తంభం మీదుగా వచ్చి ఒకే కన్నంలోంచి లోపలికి దూరుతుంటే, ఒక ఎత్తు లోడు లారీ రెండిటినీ కలిపి లాక్కుపోతుంది. మా దగ్గర అలాగే ఉంటే, ఒక లైన్‌ని వెనక సందులోంచి తిప్పించాం. రెండు డబ్బాలూ, స్విచ్చూ, ఫైర్‌వాలూ యూపీఎస్ మీద ఉన్నాయా అన్నది కూడా చూడండి, ఎండాకాలం కరెంటు పోయేది లైన్ పోయేదానికంటే ఎక్కువ.

ఒక వారం పోయాక రూల్స్ పేజీలో ప్రతి రూల్ పక్కనా ఉండే స్టేట్స్ అంకెలు చూడండి. ఏ రూల్ దగ్గరైనా సున్నా బైట్లే ఉంటే, దాని ట్రాఫిక్‌ని పైన ఏదో రూల్ ముందే ఎత్తుకుపోతోందన్నమాట, లేదా లైన్ ఇంకా ఒక్కసారి కూడా పోలేదు. స్కానింగ్ ట్యాబ్‌లో ఆ చివరి బ్లాక్ రూల్ దగ్గర మాకు ఇప్పటికి అంకె పడింది. ఆ రోజు టెక్నీషియన్ ఫోన్ చేసి లీజ్డ్ లైన్ పోయిందన్నా అన్నాడు, పేర్లు మాత్రం వస్తున్నాయన్నాడు.